డిజైను, నిర్మాణం ఒకే చేతికి అప్పగించేటప్పుడు: బరంపురం డాక్టరు గారికి జవాబు

డాక్టరు గారూ,

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుంటే దిద్దండి. బరంపురం శివార్లలో, నిన్నమొన్నటిదాకా వరి పండిన స్థలంలో నలభై పడకల ఆసుపత్రి కట్టాలనుకుంటున్నారు. కింది అంతస్తు, పైన మూడు. విశాఖపట్నం కాంట్రాక్టరు ఒకరు డిజైను, నిర్మాణం రెండూ తానే చూసుకుంటానన్నారు. 24,000 చదరపు అడుగులు, అడుగుకు 2,500 రూపాయలు, మొత్తం 6 కోట్లు, 14 నెలల్లో తాళాలు మీ చేతికి. దానికి నాలుగు పేజీల ఒప్పందం పంపారు. సంతకం చేయవచ్చా అని అడిగారు.

ఇప్పుడే చేయకండి. ఆయన మంచివాడా కాదా అన్న సందేహంతో చెప్పడం లేదు. ఆ నాలుగు పేజీల్లో మీకు ఏం కావాలో చెప్పే వాక్యం ఒక్కటే ఉంది: "అన్ని విధాలా పూర్తయిన మేలురకం ఆసుపత్రి భవనం". మిగిలినదంతా మీరు డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలన్నదే.

నా సంగతి రెండు ముక్కల్లో. పుట్టింది పర్లాకిమిడి. మొదటి పదహారేళ్లు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశాను, ఆ తర్వాత నుంచి యజమానుల తరఫున ఒప్పందాలు రాయడం, నడిపించడం. కాబట్టి రెండు వైపుల చిట్కాలూ తెలుసు. కొన్ని చిట్కాలు నేనే వేశాను కూడా.

మనకు అలవాటైన పద్ధతిలో ఆర్కిటెక్టు గీస్తాడు, ఇంజనీరు లెక్క కడతాడు, కాంట్రాక్టరు కట్టుబడి చేస్తాడు. చేసిన పనిని కొలత పుస్తకంలో ఎక్కించి, రేటుతో గుణించి బిల్లు ఇస్తారు. గీతలో తప్పుంటే ఆ తప్పు యజమానిది, ఎందుకంటే గీయించింది యజమాని. డిజైను-నిర్మాణ ఒప్పందంలో ఇది తలకిందులవుతుంది. గీతా ఆయనదే, గోడా ఆయనదే. బీము వంగితే ఇంజనీరు మేస్త్రీ మీదికి, మేస్త్రీ ఇంజనీరు మీదికి నెట్టుకునే తంతు ఉండదు. మీరు అదనంగా ఏమైనా చెల్లిస్తున్నారంటే ఈ ఒక్క సౌకర్యానికే. కానీ దీనికి రెండో ముఖం ఉంది. మీరు రాయనిదంతా ఆయన ఇష్టం. చట్టానికి, కోడుకు లోబడి అతి చౌకైనది ఏదో అదే పెడతారు. దాన్ని మోసం అనలేం, ఆయన ధర కట్టిందే దానికి. అందుకే ఈ తరహా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం యజమాని అవసరాల పత్రం. దాన్ని తయారు చేయవలసింది ఆయన కాదు, మీరు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. మనది గోపాలపురం తీరానికి పక్కనే ఉన్న ఊరు. గాలి ఒత్తిడి లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దాని 2015 ముద్రణలో తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపలి కట్టడాలకు తుపాను కోసం ఒక గుణకం చేర్చారు. మామూలు భవనానికి అది 1.00. పరిశ్రమ షెడ్డుకు 1.15. తుపాను వెళ్లాక కూడా పనిచేయవలసిన ఆసుపత్రి, తుపాను ఆశ్రయం వంటి వాటికి 1.30. ఈ గుణకం గాలి వేగానికి వర్తిస్తుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 1.30ని దానితోనే గుణించండి, 1.69 వస్తుంది. అంటే మీ భవనాన్ని "వాణిజ్య భవనం" అని లెక్క కట్టిన దానికీ, "తుపాను తర్వాత నిలిచి పనిచేయవలసిన ఆసుపత్రి" అని లెక్క కట్టిన దానికీ గాలి ఒత్తిడిలో 69 శాతం తేడా. నాలుగంతస్తుల కాంక్రీటు ఫ్రేముకు దీనివల్ల పడే అదనపు ఖర్చు మీరు భయపడేంత ఉండదు. తేడా తెలిసేది ముందువైపు అద్దాల గోడలో, మేడ మీది రేకుల షెడ్డులో, సోలార్ పలకల బిగింపులో, నీళ్ల ట్యాంకుల దగ్గర. తుపానులో ఎగిరిపోయేవి కూడా అవే. మీ పత్రంలో ఆ ఒక్క వాక్యం ఉంటే ధర దాన్ని కలుపుకొని వస్తుంది. లేకపోతే తర్వాత అడిగినప్పుడు "అదనపు పని" అవుతుంది.

అవసరాల పత్రంలో ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్నది నేర్పుతో కూడిన పని. ఫలితం రాయండి, ఉపాయం రాయకండి. "రెండు స్ట్రెచర్లు ఎదురెదురుగా ఒరుసుకోకుండా వెళ్లాలి, కారిడారు 2.4 మీటర్లకు తగ్గకూడదు" అని రాయడం సరైనది, జాతీయ భవన నియమావళి ఆసుపత్రులకు కోరేదీ అదే. "కారిడారు బీములు 230 మిల్లీమీటర్ల వెడల్పు, 450 లోతు ఉండాలి" అని రాశారంటే బీము డిజైను మీది అయిపోయింది. కరెంటు పోతే ఆపరేషన్ థియేటరు ఎన్ని సెకన్లలో తిరిగి వెలగాలి, జనరేటరు ఎన్ని గంటలు నడవాలి, ఆక్సిజన్ పైపులు ఏ పడకల దాకా రావాలి, ఎక్స్‌రే గదికి అణుశక్తి నియంత్రణ మండలి ఒప్పుకునే మందంలో గోడలు, ఆసుపత్రి వ్యర్థాల గదికి వేరే దారి, లిఫ్టులో మంచం పట్టాలా, స్ట్రెచరు పడితే చాలా... ఇవన్నీ మీకు, మీ సిస్టర్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియవు. ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, ఒక రోగి గేటులోకి వచ్చిన దగ్గర నుంచి డిశ్చార్జి దాకా నడిచే దారిని కాగితం మీద గీయించండి. ఆ పూట చేసిన పని తర్వాత లక్షల మీద ఆదా అవుతుంది.

మీకు సొంత ఆర్కిటెక్టు ఉంటే గదుల అమరిక వరకు ఆయనతో గీయించి, దాన్ని పత్రానికి జత చేసి, అప్పుడు ముగ్గురు కాంట్రాక్టర్లను ధర అడగండి. ఆ తర్వాత అదే ఆర్కిటెక్టును కాంట్రాక్టరు కిందికి బదిలీ చేసే పద్ధతి కూడా ఉంది. నాకు అది అంతగా నచ్చదు. నిన్నటిదాకా మీ పక్షాన మాట్లాడిన మనిషి రేపటి నుంచి జీతమిచ్చేవాడి పక్షాన మాట్లాడాలి. ఆ ఇబ్బంది ఆయన ముఖంలోనే కనిపిస్తుంది.

ఇప్పుడు బాధ్యత ఎంత లోతుకు వెళ్తుందన్నది. డిజైనరు "తగిన నైపుణ్యంతో, జాగ్రత్తగా" పనిచేస్తానని ఒప్పుకోవడం ఒకటి. "కట్టినది ఉద్దేశించిన ప్రయోజనానికి పనికివస్తుంది" అని హామీ ఇవ్వడం మరొకటి. మొదటి దానిలో ఆయన అజాగ్రత్తను మీరు రుజువు చేయాలి. రెండో దానిలో ఫలితం రాకపోతే చాలు. ఈ తేడా ఎంత దూరం పోతుందో చెప్పే కేసు ఒకటి బ్రిటన్‌లో జరిగింది. సాల్వే ఫర్త్ అనే సముద్రపు పాయలో గాలిమరలకు పునాదులు వేసిన ఎంటీ హోయ్‌గార్డ్ అనే కంపెనీ అంతర్జాతీయ ప్రమాణాన్ని అక్షరాలా పాటించింది. ఆ ప్రమాణంలోని సూత్రంలోనే దాదాపు పది రెట్ల తప్పుంది. 2010లో అతుకులు జారడం మొదలైంది. బాగుచేయడానికి అయిన ఖర్చు 2.6 కోట్ల యూరోలకు పైనే. కంపెనీ జాగ్రత్తగానే పనిచేసింది, ప్రమాణాన్ని నమ్మింది, నిజమే. కానీ సాంకేతిక జాబితాలో ఎక్కడో ఒక మూల "పునాదుల డిజైను 20 ఏళ్ల ఆయుష్షుకు సరిపోవాలి" అన్న వాక్యం ఉంది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఖర్చు కంపెనీదేనని తేల్చింది.

దీన్నుంచి మీరు తీసుకోవలసినది: మీ పత్రంలో ఏ మూల ఏ వాక్యం ఉన్నా దానికి బరువుంటుంది. మీ కాంట్రాక్టరు తీసుకోవలసినది కూడా అంతే. ఆయన లాయరు "ప్రయోజనానికి పనికిరావడం" అన్న హామీని కొట్టేయమంటే ఆశ్చర్యపోకండి. వృత్తిపరమైన బాధ్యత బీమా సాధారణంగా అజాగ్రత్తకే వర్తిస్తుంది, అంతకు మించిన హామీకి వర్తించదు. నేనైతే పైకప్పు నీరు కారకపోవడం, బేస్‌మెంటు ఉంటే తడి రాకపోవడం, జనరేటరు సామర్థ్యం వంటి కొలవగలిగిన నాలుగైదు విషయాలకు ఫలిత హామీ పట్టుబడతాను. మిగిలిన డిజైనుకు నైపుణ్యం, జాగ్రత్త చాలు అని దిగివస్తాను. అన్నీ కావాలని మొండికేస్తే మంచి కాంట్రాక్టరు వెళ్లిపోతాడు, ఏ హామీకైనా కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాడు మిగులుతాడు.

నేల సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. వరిపొలం అన్నారు. పక్కన చెరువు ఉండేదా? మన వైపు పాత కాలువలు, కుంటలు పూడ్చి ప్లాట్లు వేసిన చోట్లు చాలా ఉన్నాయి. ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన రైతును ఎవరినైనా అడిగితే పటం కంటే బాగా చెబుతారు. కాంట్రాక్టరు ఒప్పందంలో "విడి ఫుటింగులు, 1.5 మీటర్ల లోతు" అని, అంటే ఒక్కో స్తంభానికి విడిగా ఒక పునాది దిమ్మె అని, ధర కట్టినట్లు రాశారు. నేల పొరలు చూసే బోరు వేయకుండా ఆ అంకె ఎక్కడిది? ఊహ. ఆ ఊహ తప్పితే పైళ్లు, అంటే గట్టి నేల దాకా దించే కాంక్రీటు స్తంభాలు, వేయాలంటారు. ఆ డబ్బు ఎవరిదన్న వాక్యం ఆ నాలుగు పేజీల్లో లేదు.

ఫిడిక్ అనే ఇంజనీర్ల సమాఖ్య ఇచ్చే, అంతర్జాతీయంగా వాడే ఒప్పంద నమూనాల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. డిజైను-నిర్మాణానికి వాడే పసుపు పుస్తకంలో, అనుభవమున్న కాంట్రాక్టరు కూడా ముందుగా ఊహించలేని నేల తగిలితే ఖర్చు, గడువు యజమాని భరిస్తాడు. తాళాల ఒప్పందానికి వాడే వెండి పుస్తకంలో దాదాపు అంతా కాంట్రాక్టరు నెత్తినే. రెండో దాన్ని చూసి సంబరపడకండి. నేల గురించి ఏమీ తెలియని వాడి నెత్తిన నేలను పెడితే, ఆ భయానికి ధర కలుపుతాడు, లేదా కలపకుండా తక్కువకు ఒప్పుకుని సగంలో చేతులెత్తేస్తాడు. చేయవలసింది తేలిక. ఒప్పందానికి ముందే మీ ఖర్చుతో నాలుగు మూలలా, మధ్యలో ఒకటి బోర్లు వేయించండి. గట్టి పొర తగిలేదాకా వెళ్లాలి, ఆరు మీటర్లకు ఆపితే ఊరుకోకండి. నేల గట్టిదనం కొలిచే ప్రామాణిక చొచ్చుబాటు పరీక్ష దగ్గర ఎవరైనా నిలబడాలి. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, తర్వాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టాలి. మధ్యాహ్నం భోజనం వేళకు కుర్రాళ్లు తాడును సగం ఎత్తుకే వదిలేయడం నా కళ్లతో చూశాను. అలా వదిలితే దెబ్బలు ఎక్కువ పడతాయి, నేల నిజంకంటే గట్టిదని కాగితంలో ఎక్కుతుంది. నివేదికను కాంట్రాక్టర్లందరికీ ఇచ్చి, "ఈ బోర్లలో కనిపించిన నేలకు ధర మీది, దీనికి భిన్నమైనది తగిలితే ఫలానా రేట్ల ప్రకారం సర్దుబాటు" అని రాయండి. పైలుకు మీటరు రేటు, అదనపు తవ్వకానికి ఘనపు మీటరు రేటు ముందే తీసి పెట్టుకోండి. పోటీ ఉన్నప్పుడు వచ్చే రేటు వేరు, గోతిలో నీళ్లు ఊరుతుండగా బేరమాడితే వచ్చే రేటు వేరు.

ఇక ధర. ఒప్పందంలో "పన్నులు అదనం" అని రెండు మాటలున్నాయి. నిర్మాణ పనుల మీద జీఎస్టీ 18 శాతం. 6 కోట్ల మీద అది 1 కోటి 8 లక్షలు. వైద్య సేవల్లో అధికభాగానికి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి కట్టిన పన్నును తిరిగి సర్దుకునే క్రెడిట్ మీకు లేదు. స్థిరాస్తి కట్టడానికి ఆ క్రెడిట్ ఎలాగూ రాదు. అంటే మీ ఆసుపత్రి 6 కోట్లది కాదు, 7 కోట్ల 8 లక్షలది. బ్యాంకు అప్పు దేనికి అడిగారో ఒకసారి చూసుకోండి. ఆయన నమోదు ఆంధ్రప్రదేశ్‌లో, స్థలం ఒడిశాలో కాబట్టి ఏ పన్ను వేయాలి, ఇక్కడ నమోదు తీసుకోవాలా అన్నది మీ ఆడిటరు, ఆయన ఆడిటరు సంతకానికి ముందే తేల్చుకోవాలి. భవన కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం ఎవరు కడతారో కూడా రాయాలి. చిన్న అంకెలాగే ఉంటుంది, 6 లక్షలు.

డబ్బు వాయిదాలు చూద్దాం, ఇక్కడ మాత్రం కాస్త కటువుగా మాట్లాడతాను. ఆయన అడిగింది: సంతకానికి 20 శాతం, పునాదికి 25, నాలుగు శ్లాబులకు పదేసి చొప్పున 40. అంటే నాలుగో శ్లాబు పడేసరికి 85 శాతం చేతులు మారుతుంది. ఆసుపత్రిలో కాంక్రీటు అస్థిపంజరం ఖర్చు నా అనుభవంలో సగానికి మించదు. మిగిలిన సగమంతా గచ్చులు, వైరింగు, ప్లంబింగు, లిఫ్టు, గ్యాసు పైపులు, ఏసీ. అంటే 3 కోట్ల పని మిగిలి ఉండగా మీ దగ్గర 90 లక్షలు మిగులుతాయి. ఆ రోజు నుంచి ఆయన మీ ఫోను ఎత్తడానికి కారణం ఏముంది? చెడ్డవాడు కాకపోయినా, డబ్బు ఎక్కడ ఎదురుచూస్తుందో మనుషులను అక్కడికే పంపుతాడు. అడ్వాన్సు 10 శాతానికి దించి, దానికి సమానమైన బ్యాంకు గ్యారంటీ తీసుకోండి. డిజైను పూర్తయి, ప్రూఫ్ చెక్ (వేరే నిపుణుడు లెక్కలు సరిచూడడం) అయితే ఇంత అని ఒక మెట్టు పెట్టండి. ఆ తర్వాతి మెట్లు పని విలువకు దగ్గరగా ఉండాలి. "సగం ప్లాస్టరింగు అయింది" అన్న మెట్టు వద్దు, సగం అంటే ఏమిటన్న వాదన మొదలవుతుంది. "రెండో అంతస్తు బాత్రూముల్లో నీటి ఒత్తిడి పరీక్ష నెగ్గాక" అని రాస్తే వాదనకు చోటు లేదు. చివరి 10 శాతం పరీక్షలు, అనుమతి పత్రాలు, కట్టినట్టుగా గీసిన నక్షాలు చేతికి వచ్చాకే. బిల్లుల్లో 5 శాతం నిలుపుదల పెట్టుకుని, సగం అప్పగింత రోజున, సగం రెండు వానాకాలాలు గడిచాక ఇవ్వండి. ఒక్క వానకు కారని శ్లాబు రెండో వానకు కారడం మామూలే.

బ్యాంకు గ్యారంటీ గురించి ఒక ముక్క. "అడిగిన వెంటనే, కారణం అడగకుండా" చెల్లిస్తామన్న వాక్యం ఉందో లేదో చూడండి. బరంపురంలోని శాఖలో కూడా అడగవచ్చని రాయించండి. గడువు తేదీకి నెల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి.

ఇక్కడిదాకా ఒప్పందం తయారీ. నడిపించడంలోనే అసలైన తప్పులు జరుగుతాయి. నా కథ ఒకటి చెబుతాను.

2012లో నేను ఒక కాంట్రాక్టరు దగ్గర ఉన్నాను. ఛత్రపురం వైపు ఒక గోడౌను డిజైను-నిర్మాణ పద్ధతిలో తీసుకున్నాం. రేకుల కింద పర్లిన్లు, అంటే రేకులను మోసే అడ్డ ఇనుప పట్టీలు, 1.2 మీటర్ల దూరంలో మా ఇంజనీరు లెక్కగట్టాడు. నక్షా ఆమోదానికి పంపితే యజమాని మేనేజరు ఎర్ర సిరాతో అడ్డంగా రాశాడు: "1.5 మీటర్లు చాలు. మా ఇతర గోడౌన్లలో అలాగే ఉంది." కింద సంతకం, తేదీ. ఇనుము మిగులుతుందని మేమూ కిక్కురుమనలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. తెల్లారి వెళ్లి చూస్తే అంచు వరసల రేకులు పక్క సరుగుడు తోటలో మెలితిరిగి పడి ఉన్నాయి. స్క్రూలు చాలావరకు పర్లిన్లలోనే ఉన్నాయి, రేకే వాటి తలల చుట్టూ చిరిగి వెళ్లిపోయింది. లోపలి సరుకంతా నాని ముద్దయింది. నష్టం ఎవరిదన్న మాట వచ్చినప్పుడు ఫైలులోంచి ఆ ఎర్ర సిరా కాగితం తీసి బల్ల మీద పెట్టింది నేనే. మా వైపూ తప్పుంది, ఆ దూరం లెక్కకు నిలవదని మేం రాతలో చెప్పి ఉండాల్సింది. కోర్టు దాకా పోలేదు, దాదాపు రెండేళ్లు లాగి చెరిసగం దగ్గర తెగింది. డిజైను బాధ్యత మొత్తం మా మీద ఉన్న ఒప్పందంలో యజమాని సగం నష్టం భరించాడు, ఒక మేనేజరు పెన్ను వల్ల.

కాబట్టి నక్షాలు చూసేటప్పుడు మీ ఇంజనీరుకు ఒకే నియమం పెట్టండి: ఆదేశించవద్దు, అడగాలి. "ఈ బీము లోతు 600 చేయండి" అని రాయకూడదు. "ఈ బీము వంపు అవసరాల పత్రంలోని ఫలానా పరిమితికి లోబడి ఉందని లెక్కతో చూపండి" అని రాయాలి. ఆమోదం అన్న మాట బదులు "పరిశీలించాం, అభ్యంతరం లేదు, డిజైను బాధ్యత కాంట్రాక్టరుదే" అన్న ముద్ర చేయించుకోండి. ముద్ర రబ్బరుదే అయినా పనికొస్తుంది. చూడడానికి గడువు పెట్టుకోండి. పసుపు పుస్తకంలో 21 రోజులు ఉంటుంది, మీ పనికి 10 రోజులు చాలు. ఆ గడువు మీరు దాటితే ఆలస్యం మీ ఖాతాలో పడుతుంది, ఇది మరిచిపోకండి. ఇక నిర్మాణ లెక్కలను కాంట్రాక్టరుతో సంబంధం లేని వేరే నిపుణుడితో ప్రూఫ్ చెక్ చేయించే నిబంధన పెట్టండి. ఆ ఖర్చు మీరు పెట్టుకున్నా సరే, రిపోర్టు మాత్రం కాంట్రాక్టరు పేరున వెళ్లి, దిద్దుబాటు ఆయనే చేయాలి.

మార్పులు. డాక్టర్లతో నాకున్న పెద్ద ఫిర్యాదు ఇది, ఏమీ అనుకోకండి. సైటుకు సాయంత్రం వచ్చి, గోడ మీద చేయి పెట్టి, "ఇక్కడ ఒక తలుపు ఉంటే బాగుండేది" అంటారు. మేస్త్రీ తల ఊపుతాడు. మూడు నెలల తర్వాత బిల్లులో ఆ తలుపు నలభై వేలు, దానికి జరిపిన ఆక్సిజన్ పైపు లక్ష, దానివల్ల పోయిన పన్నెండు రోజులు గడువు పొడిగింపు. మీ తరఫున మార్పు చెప్పగలిగే మనిషి ఒక్కరే ఉండాలి, పేరుతో సహా ఒప్పందంలో రాయాలి. మార్పు కాగితం మీద వెళ్లాలి, ధర, రోజులు తిరిగి కాగితం మీద రావాలి, మీ సంతకం అయ్యాకే గోడ పగలాలి. వాట్సాప్‌లో "సరే" అని పెట్టిన బొటనవేలు గుర్తు కూడా రేపు సాక్ష్యమే. అటువైపు కూడా న్యాయంగా ఉండండి. ఆయన అదనపు డబ్బో, గడువో కోరాలంటే సంగతి తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలని పెట్టండి, ఇచ్చినప్పుడు మాత్రం నెలల తరబడి బల్ల కింద దాచకండి.

గడువు, ఆలస్య పరిహారం. వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం అని మామూలుగా రాస్తారు. మీ పనికి వారానికి 3 లక్షలు, గరిష్ఠంగా 60 లక్షలు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, న్యాయమైన పరిహారం అంతకు లోపల ఇస్తారు. నష్టం రుజువు చేయగలిగిన చోట రుజువు అడుగుతారని 2015లో సుప్రీంకోర్టు ఒక భూమి కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ఆ 3 లక్షలు ఎలా వచ్చాయో, అద్దె భవనం, బ్యాంకు వడ్డీ లెక్కతో సంతకానికి ముందే ఒక కాగితం రాసి ఫైలులో పెట్టుకోండి. మీ వల్ల ఆలస్యమైతే గడువు పొడిగించే నిబంధన తప్పనిసరి. అది లేకపోతే మీ ఆలస్యం ఒక్కటి చాలు, మొత్తం గడువే గాలికి పోతుంది.

తుపానును దైవికంగా రాసి వదిలేయకండి. 1999లో రెండు, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, అన్నీ అక్టోబరులోనే వచ్చాయి. అక్టోబరులో గోపాలపురానికి తుపాను వస్తుందని ఊహించలేకపోయాను అనే కాంట్రాక్టరును నేను నమ్మను. నేను రాసే పద్ధతి: హెచ్చరిక వచ్చిన దగ్గర నుంచి పని మళ్లీ మొదలయ్యేదాకా రోజులు ఇస్తాను, డబ్బు ఇవ్వను. పరంజా, సెంట్రింగు, సిమెంటు బస్తాలు ఆయన బీమాలో ఉండాలి. ఆ బీమాలో మీ పేరు కూడా చేర్పించండి. డిజైను లోపం వల్ల వచ్చే నష్టం సాధారణ కాంట్రాక్టరు పాలసీలో ఉండదు, దాన్ని అడిగి, అదనపు ప్రీమియం కట్టించి చేర్పించాలి. పాలసీ కాగితం కాంట్రాక్టరు చూపించాడని తృప్తి పడకండి, మినహాయింపుల పేజీ తిప్పి చూడండి.

కొన్ని త్వరగా. అభివృద్ధి సంస్థ ప్లాను, అగ్నిమాపక అనుమతి, కాలుష్య మండలి సమ్మతి ఎవరు తెస్తారో ఒక్కొక్కటికీ పేరు రాయండి. కాగితాలు తయారు చేయడం ఆయన పని, సంతకాలు, రుసుములు మీవి అని పంచుకోవడం మామూలు. మధ్యవర్తి విషయంలో "యజమాని నియమించిన వ్యక్తి" అని పాత నమూనాల్లో ఉంటుంది, 2019 తర్వాత అది నిలవదు. ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి. మధ్యవర్తిత్వ స్థానం బరంపురం అని రాయించండి, లేకపోతే ప్రతి వాయిదాకూ విశాఖ రైలు ఎక్కాలి. నక్షాలు, లెక్కలు, కంప్యూటర్ నమూనాల ఫైళ్లు, పీడీఎఫ్‌లతో సరిపెట్టకుండా అసలు ఫైళ్లే, ప్రతి డబ్బు మెట్టు దగ్గరా మీకు అందాలి. ఆయన వెళ్లిపోతే ఇంకొకరితో వాటిని వాడుకునే హక్కు మీకుందని రాయాలి. ఇది లేకపోవడం వల్ల సగం కట్టిన భవనానికి మళ్లీ మొదటి నుంచి డిజైను చేయించిన వాళ్లను నేను చూశాను. కమ్మీ ఎంత వేశారో తెలుసుకోవడానికి స్తంభాల మీద కాంక్రీటు చెక్కాల్సి వచ్చింది.

ఆ విశాఖ కాంట్రాక్టరుతో తెగతెంపులు చేసుకోమని నేను అనడం లేదు. అవసరాల పత్రం తయారు కావడానికి ఆరు వారాలు పడుతుందని, అప్పటిదాకా ధర నిలబెట్టమని మర్యాదగా అడగండి. ఎలా జవాబిస్తాడో అదే మీకు మొదటి పరీక్ష. ఈలోగా చుట్టుపక్కల కోతలు అయిపోతాయి, మడి ఆరుతుంది, బోరు రిగ్గు దిగబడకుండా లోపలికి రాగలుగుతుంది. నేల నివేదిక వచ్చాక ఒక కాపీ నాకు పంపండి, దెబ్బల లెక్క ఉన్న పేజీ చాలు.